అత్తయ్య పెళ్లితెర

తెరెక్-బులుంగ్
అక్టోబరు 5, 1994

తమ్ముడు మెదేర్‌కి,

నువ్వూ, మరదలూ, చంటిదీ కులాసా అనుకుంటాను. ఇక్కడ మనుషులూ, పశువులూ అందరం క్షేమం. మీ బావ మందతో కొండ దిగి వచ్చాడు. వేసవంతా పచ్చిక మీద ఉన్న మనిషి, ఇంట్లో పడుకుంటే నిద్ర పట్టడం లేదట, పైకప్పు మీద పడుతున్నట్టుందట.

అసలు సంగతి చెబుతాను. మన ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం ఇక లేదు. బోర్డు పీకేశారు, ఎసెన్ తాత దాన్ని కోళ్ల గూటికి తలుపు చేసుకున్నాడు. గొర్రెలూ, గడ్డీ, భూమీ ఏం చెయ్యాలో తేల్చడానికి ఒక పెద్దని మీరే ఎన్నుకోండి అని జిల్లా వాళ్లు చెప్పి వెళ్లారు. ఒక పక్క మన దోరోన్‌బెక్ మామయ్య. ఏదీ పంచొద్దు, మంద ఒక్కటిగానే ఉండాలి, విడిపోతే ఒక్క చలికాలం గడవదు అంటాడు. ఇంకో పక్క పశువుల డాక్టరమ్మ రైకాన్. ఎవరి గొర్రెలు వాళ్లకి ఇచ్చేస్తే ఎవరి బాధ వాళ్లు పడతారు, రాత్రి లేచి చూసుకునేది సొంత గొర్రెనే అంటుంది.

మామయ్య నవ్వేశాడు. "నా మీద పోటీకి నిలబడేది రైకానా? దాని పెళ్లికి గుర్రం ఇచ్చి పంపింది నేనే" అన్నాడు. ఊరంతా ఆయనతో కలిసి నవ్వింది. నేనూ నవ్వాననుకో. నాన్న పోయాక నీకూ నాకూ ఏ చలికాలమూ బూట్లు తక్కువ కాకుండా చూసినవాడు ఆయనే కదా.

కానీ ఈసారి ఓటు రహస్యంగా వెయ్యాలట. ఇదివరకు ఒక పేరు చదివేవాళ్లు, అందరం చెయ్యెత్తేవాళ్లం, ఇంటికెళ్లి పిండి కలుపుకునేవాళ్లం. రహస్యం ఎందుకు? "దాచుకుని చేసే పనిలో మంచి ఏముంటుంది?" అని ఎసెన్ తాత అడుగుతున్నాడు. "మా వాడు పిల్లలకి ఈ పాఠాలే చెబుతాడుగా, వాణ్ని అడుగు" అన్నాడు మామయ్య. అందుకని రాస్తున్నాను. అందరికీ అర్థమయ్యేలా రాయి, చదివి వినిపించాలి.

జూరా అత్తయ్య నీకు పుల్ల పెరుగు ఎండబెట్టి చేసిన కురుట్ ఉండలు పంపుతోంది. నానబెట్టుకుని తాగు, ఊరికే నమిలి పళ్లు విరగ్గొట్టుకోకు.

నీ అక్క అనార్

*

బిష్కెక్
అక్టోబరు 14

అక్కా,

నీ ఉత్తరమూ, కురుట్ సంచీ అందాయి. ఈ నెల కాలేజీవాళ్లు జీతం బదులు చక్కెర ఇచ్చారు. ఇల్లంతా చక్కెర మూటలు. కాబట్టి అత్తయ్య పంపిన పులుపు సరైన సమయానికి వచ్చింది.

నా సంగతి అడిగితే నవ్వొస్తుంది. మూడేళ్ల కిందటిదాకా ఇదే గదిలో, ఇదే నల్లబల్ల మీద, ఉన్నదంతా అందరిదీ అని పాఠం చెప్పాను. ఇప్పుడు ఎవరిది వాళ్లది అని చెబుతున్నాను. వెనక వరసలో ఒక పిల్ల లేచి "సార్, మా అన్నకి మీరు వేరేగా చెప్పారట" అంది. కిటికీ తెరిచి ఉందా మూసి ఉందా అని చూసినట్టు నటించాను.

మామయ్యకి ఇలా చెప్పు. ఏ దేశమైనా తేల్చుకోవాల్సినవి మూడే. ఏం పండించాలి, ఎలా పండించాలి, పండింది ఎవరికి ఎంత. పై అధికారి కాగితం మీద రాసి పంపితే అది ప్రణాళిక. బజారులో కొనేవాడూ అమ్మేవాడూ తేల్చుకుంటే అది మార్కెట్. ఇంకో పద్ధతి ఉందని కొత్త పుస్తకంలో చివర రెండు వాక్యాలు రాశారు. తాతల నాటి ఆచారం ప్రకారం పంచుకోవడమట, వెనకబడిన చోట్ల ఉంటుందట. మన విందుల్లో గొర్రెని కోసి తల పెద్దాయనకి, కటి ఎముక ఆడవాళ్లలో పెద్దావిడకి, చెవి పిల్లలకి అని పంచుతామే, అది నాకు గుర్తొచ్చింది. పిల్లలకి చెప్పలేదు. వెనకబడినవాడిగా కనపడాలని ఎవరికుంటుంది.

ఇక రహస్యం సంగతి. చెయ్యెత్తినప్పుడు పక్కవాడు చూస్తాడు. చూస్తాడు కాబట్టి భయం, మొహమాటం. తెర వెనక నువ్వూ, కాగితమూ, నీ మనసూ తప్ప ఎవరూ ఉండరు. ఎవరికి వేశావో నీ మొగుడు కూడా అడగకూడదు, నువ్వు చెప్పక్కర్లేదు. అక్కర్లేని పేరు పెన్సిలుతో కొట్టేసి, మడిచి పెట్టెలో వెయ్యడమే. ఎవరి ఓటు ఏదో పెట్టె తెరిచినవాడికి కూడా తెలియదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మనసులో ఉన్నదే చెయ్యడం అన్నిటికన్నా నిజాయితీ అని ఎసెన్ తాతకి చెప్పు.

మామయ్యే గెలుస్తాడనుకో, అందులో అనుమానమేముంది. అయినా పద్ధతి ప్రకారం గెలిస్తే ఆయనకీ గౌరవం. నా పేరు ఇంకా ఊరి జాబితాలోనే ఉంది కాబట్టి నేనూ వచ్చి వేస్తాను.

మీ పంతులు తమ్ముడు,
మెదేర్

*

తెరెక్-బులుంగ్
అక్టోబరు 25

పంతులుగారికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం మామయ్య ఇంట్లో చదివాను. కూర్చోవడానికి చోటు లేక కొందరు గడపలో నిలబడ్డారు. మామయ్య రెండోసారి చదివించాడు. మొగుడు కూడా అడగకూడదు అన్నచోట ఆడవాళ్లు గుంపుగా నవ్వారు. "ఇంకోసారి అక్కడ చదువమ్మా" అని ఎసెన్ తాత భార్య అడిగింది. రైకాన్ కూడా వచ్చింది, తలుపు దగ్గర కూర్చుని టీ తాగి, మామయ్య కప్పు ఖాళీ అయితే తనే లేచి పోసింది. పోటీ అంటే ఇలా ఉంటుందని నాకు తెలియదు.

మామయ్యకి నీ మాటలు ఎంత నచ్చాయంటే, ఏర్పాట్లన్నీ తనే నెత్తినేసుకున్నాడు. ఓట్ల పెట్టె ఆయనే చెక్కలు కొట్టి చేశాడు. తెరకి గుడ్డ కావలసి వచ్చింది. ఓటు జరిగే ఊరి క్లబ్బులో పరదాలు ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు. "జూరా, నీ పెళ్లితెర తియ్యి" అన్నాడు.

అత్తయ్య తన బట్టల పెట్టె అడుగు నుంచి తీసింది. నువ్వు చూసి ఉండవు. ఎర్రటి గుడ్డ మీద నల్ల కొమ్ములు కుట్టిన తెర. పెళ్లిలో దాని వెనకే అత్తయ్య మొహం దాచుకుని కూర్చుందట. "ఆ తెర వెనక ఏడ్చినట్టు నేనెప్పుడూ ఏడవలేదే. ఈయన మొహం ఎలా ఉంటుందో కూడా తెలియదు" అంది. "ఇప్పుడు తెలుసుగా, అందుకే ఈసారి మేం ఏడుస్తాం" అన్నాడు ఎసెన్ తాత. మామయ్య పడీపడీ నవ్వాడు.

అత్తయ్య నవ్వలేదు. మడతలు సర్దుతూ, "ముప్ఫై ఏళ్లు మీటింగులకి తిరిగాడు. ఇంకా తిరుగుతానంటాడు" అని నా చెవిలో అంది. నేను పట్టించుకోలేదు.

ఓటు నవంబరు ఆరు, ఆదివారం. మర్నాడు పాత అక్టోబరు విప్లవం పండగ, పేరుకే అక్టోబరు. ఆ పండగ ఎర్రగుడ్డే పెట్టె మీద కప్పుతారట, అది వృథా పోకూడదని. నువ్వు శనివారం బస్సుకి వస్తావని చెప్పాను. మామయ్య నీ కోసం గొర్రెపిల్లని కట్టి ఉంచాడు.

అనార్

*

బిష్కెక్
నవంబరు 3

అక్కా,

రాలేను. రెండు రోజులుగా ఒళ్లు కాలిపోతోంది. ఈ చలిలో కనుమ దాటి అంత దూరం ప్రయాణం వద్దని మీ మరదలు పట్టుబట్టింది. మామయ్యకి ఎలా చెప్పాలో నువ్వే చెప్పు. నా ఒక్క ఓటు లేకపోతే ఆగేది ఏముంది. గొర్రెపిల్లని మీరే తినండి.

మెదేర్

*

తెరెక్-బులుంగ్
నవంబరు 8

మెదేర్,

జ్వరం తగ్గిందా? అత్తయ్య గొర్రె తోకకొవ్వు పంపుతోంది, వేడి పాలల్లో కలుపుకుని తాగమంది. ఈ పరిస్థితిలో కూడా నీ జ్వరం ఆవిడకి గుర్తుంది చూడు.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మామయ్య ఓడిపోయాడు.

ఓడిపోతే ఓడిపోయాడు, ఇద్దరు నిలబడితే ఒకరు ఓడతారు. అది కాదు. పొద్దున్నుంచి జనం పండగ బట్టల్లో వచ్చారు. మామయ్య గుమ్మం దగ్గర తెల్ల కాల్పాక్ టోపీ పెట్టుకుని నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించి తెర దాకా తనే తీసుకెళ్లాడు. "వెళ్లు, ఎవరూ చూడరు" అని చెప్పాడు. తెర ఎత్తి పట్టుకున్నది కూడా ఆయనే.

సాయంత్రం జిల్లా నుంచి వచ్చిన మనిషి పెట్టె తెరిచి ఒక్కో కాగితం పైకి చదివాడు. రైకాన్. రైకాన్. రైకాన్. మొదట్లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు, ఎవరబ్బా వీళ్లు అన్నట్టు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అతను చదువుతూనే ఉన్నాడు. ఎక్కడో మధ్యలో ఒక్కసారి "దోరోన్‌బెక్" అన్నాడు. గదంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఇంక వస్తాయి అనుకున్నాం. రాలేదు. పెట్టె అడుగు దాకా రైకానే.

ఒక్క ఓటు. ఇంత ఊళ్లో ఒక్కటి.

నీ రహస్యం ఏమైందో చూశావా? నలుగురు వేసి ఉంటే ఆ నలుగురిలో నేనూ ఉన్నానని ప్రతివాళ్లూ అనుకోవచ్చు. ఒక్కటే వస్తే ఇంకెవరికి చాటు మిగిలింది? మామయ్య లేచి, "బాగా జరిగింది, పద్ధతి ప్రకారం జరిగింది" అన్నాడు. రైకాన్ దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపాడు. తర్వాత తెర విప్పడానికి వెళ్లాడు. ముడి చేతికి అందడం లేదు. సాయానికి ఎవరైనా లేవాలి కదా. ఎవరం లేవలేదు. సిగ్గుతో లేవలేకపోయాం. ఆఖరికి అత్తయ్యే వెళ్లి ముడి విప్పింది.

నువ్వు అడుగుతావని నేనే చెబుతున్నాను. ఆ ఒక్క ఓటు నాది.

అనార్

*

బిష్కెక్
నవంబరు 15

అక్కా,

ఉత్తరం చదివాను. ఆ ఒక్కటీ నీదని తెలిశాక మనసు కొంచెం కుదుటపడింది. మన ఇంటి నుంచి మామయ్యకి అన్యాయం జరగలేదు. ఊరు ఊరంతా మొహం తిప్పుకున్నా ఆయన పెంచిన పిల్ల తిప్పుకోలేదు. రైకాన్ మాటే సరైనదేమో, గొర్రెలు పంచుకోవడమే మంచిదేమో, అది వేరే సంగతి. మనల్ని పెంచిన మనిషి ఒకడున్నాడు కదా.

నిన్న తరగతిలో మెజారిటీ అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. ఎక్కువమంది కోరిందే అందరి కోరిక అని రాసి ఉంది. పిల్లల్ని పుస్తకంలో చదువుకోమన్నాను.

మామయ్యకి నేరుగా ఒక ఉత్తరం రాశాను, ఈ బస్సుకే వస్తుంది. నీ పేరు రాశాను. ఆ ఓటు అనార్ అక్కది, మేమిద్దరం మీ వెనకే ఉన్నాం అని. రహస్యం బయటపెట్టడం నేను చెప్పిన పాఠానికి విరుద్ధమే. అయినా ఆయనకి ఊరట కావాలి, పాఠం కాదు.

మెదేర్

*

తెరెక్-బులుంగ్
నవంబరు 22

మెదేర్,

నీకు ఎవరు రాయమన్నారు? నేను అడిగానా? ఊరట అట, ఊరట. చదువుకున్నవాళ్ల చేతికి పెన్ను ఉంటే ఊరికే ఉండనివ్వదు కాబోలు.

మొదటినుంచీ చెబుతాను విను. ఓటు అయిన రెండో రోజు ఎసెన్ తాత ఒక గిన్నెలో వెన్న పట్టుకుని మామయ్య ఇంటికి వెళ్లాడు. టీ తాగి, వెళ్లేముందు, "దోరోన్‌బెక్, ఆ ఒక్కటీ నాదేనయ్యా" అన్నాడట. మామయ్య "సంతోషం" అన్నాడట. మర్నాడు బేకరీ ఆవిడ. "మామా, ఎవరికీ చెప్పకండి, అది నాది." తర్వాత ట్రాక్టర్ డ్రైవరు. తర్వాత మా తోడికోడలు. మీ బావ కూడా వెళ్లొచ్చాడని నాకు తర్వాత తెలిసింది. రొట్టె పట్టుకుని కొందరు, మాంసం పట్టుకుని కొందరు, ఊరంతా వరసగా వెళ్లి అదే మాట చెప్పి వచ్చింది. ప్రతివాళ్లకీ మామయ్య టీ పోశాడు. ఎవర్నీ కాదనలేదు.

నేను మాత్రం వెళ్లలేదు. వెళితే ఆ మాటే నోట్లోంచి వస్తుందని భయం.

నీ ఉత్తరం వచ్చిన రోజున మామయ్య కబురు పెట్టాడు. ఆయన కళ్లకి చదువు ఆనడం లేదు, ఎప్పటిలా నన్నే చదవమన్నాడు. గదిలో నలుగురైదుగురు ఉన్నారు, అందరూ ఆ ఓటు మాదే అని చెప్పినవాళ్లే. నేను కవరు చించి, కులాసాలు చదివి, కిందికి వచ్చేసరికి నా పేరు కనపడింది. ఆపితే ఎందుకు ఆపావంటారు. చదివాను. ఆ ఓటు అనార్ అక్కది అని నా నోటితో నేనే, మామయ్య ఎదురుగా, ఆ నలుగురి ఎదురుగా చదివాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. వాళ్లందరూ కప్పుల్లోకి చూస్తున్నారు.

మామయ్య "చాలమ్మా, టీ చల్లారుతోంది, తాగు" అన్నాడు.

అది నాది కాదురా. నేనూ ఆయన పేరే కొట్టేశాను. ఎందుకంటే ఏం చెప్పను. ఇరవై ఏళ్లు మీ బావ మందని కాశాడు, అందులో ఒక్క గొర్రెని ఇది మాది అని తడమలేదు. నాకు నా చేత్తో పాలు పితుక్కుని, నా ఇష్టం వచ్చినవాళ్లకి పొయ్యాలని ఉంది. అంతే. మామయ్య ఎలాగూ గెలుస్తాడు, అందరూ ఆయనకే వేస్తారు, నా ఒక్కదాని ఓటు పోతే ఆయనకి తగ్గేదేముంది అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, తెర వెనక్కి వెళ్లిన ప్రతివాళ్లూ అదే అనుకున్నారు.

ఇంకో సంగతి. మామయ్య ఇల్లు కదలడం లేదు. తాలాస్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతానంటున్నాడు, అల్లుడికి లారీ పంపమని కబురు వెళ్లింది. ఇక్కడేమో గొర్రెలన్నీ దొడ్లో ఉన్నాయి. పెద్దాయన చెయ్యెత్తి దీవించనిదే నేను దొడ్డి తలుపు తియ్యను అని రైకాన్ భీష్మించుకు కూర్చుంది. ఎన్నికైంది నువ్వు కదా, తియ్యి అంటే వినదు. ఆయన రాడు, ఈవిడ తియ్యదు. మేత తరిగిపోతోంది. మామయ్య ఇలాగే లారీ ఎక్కి వెళ్లిపోతే ఈ ఊళ్లో మేం ఒకరి ఇంట్లో ఒకరం రొట్టె తినగలమా?

అనార్

*

బిష్కెక్
నవంబరు 29

అక్కా,

నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. నాకు జ్వరం రాలేదు.

రాలేనని నీకు ఉత్తరం వేశాక కూడా మనసొప్పక శనివారం బస్టాండుకి వెళ్లాను. టికెట్ కొనే వరసలో నిలబడి ఆలోచించాను. ఊరికి వస్తే తెర వెనక్కి వెళ్లాలి, పెన్సిలు పట్టుకోవాలి. రైకాన్ చెప్పిందే సరైనదని నా బుద్ధికి తెలుసు, అదే రోజూ నల్లబల్ల మీద రాస్తున్నాను. మామయ్య పేరు నా చేత్తో కొట్టలేను. ఆయన పేరు ఉంచి ఇంటికొచ్చి పాఠమూ చెప్పలేను. వరసలోంచి తప్పుకున్నాను. ఎవరూ చూడని ఓటుకి కూడా భయపడి పారిపోయినవాణ్ని నేను, ఎసెన్ తాతకి ధైర్యం చెప్పాను. మీరందరూ కనీసం తెర దాకా వెళ్లారు. అత్తయ్య పంపిన కొవ్వు పాలల్లో కలుపుకుని తాగుతున్నాను, లేని జ్వరానికి.

ఇంకొకటి తోచింది. రాయాలో వద్దో తెలియదు. ఊరంతా రైకాన్‌కే వేసి ఉంటే, ఆ ఒక్కటి ఎవరిది? మామయ్యదే అయ్యుంటుంది అక్కా. తన ఓటు తనే వేసుకున్నాడు పాపం. అందులో తప్పేమీ లేదు, ఎక్కడైనా వేసుకుంటారు. కానీ ఒకరి తర్వాత ఒకరు వచ్చి అది నాదే అంటుంటే, అది తనదేనని తెలిసి టీ పోస్తూ కూర్చున్నాడంటే, ఆయనకి ఎలా ఉండి ఉంటుంది? నా ఉత్తరం విన్నప్పుడు ఎలా ఉండి ఉంటుంది?

వెళ్లి కాళ్లు పట్టుకో. నా తరఫున కూడా.

మెదేర్

*

తెరెక్-బులుంగ్
డిసెంబరు 8

మెదేర్,

నీ అనుమానం ఊళ్లో అప్పటికే ఉంది. మన మన పాపాలు తగ్గించుకోవడానికి అదే వీలైన మార్గం కదా. "తన పేరు తనే ఉంచుకున్నాడట" అని ట్రాక్టర్ డ్రైవరు చిన్నగా నవ్వాడు. ఓటు వేసిన మర్నాటి నుంచి ఊళ్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. నేనూ నమ్మాను.

పోయిన శనివారం అల్లుడి లారీ వచ్చింది. పరుపులూ, పెట్టే ఎక్కించారు. దొడ్లో గొర్రెలు అరుస్తున్నాయి. ఆ అరుపు ఊరంతా వినిపిస్తోంది, ముందు రోజు నుంచీ వాటికి సగం మేతే. మామయ్య లారీ మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. "ఇవేం తప్పు చేశాయి?" అని దిగి, నేరుగా దొడ్డి వైపు నడిచాడు. ఊరు ఊరంతా వెనకే వెళ్లింది, కాస్త ఎడంగా.

దొడ్డి ముందు నిలబడి చేతులెత్తి దీవించాడు. మందగా పెరిగారు, విడివిడిగా కూడా బతకండి అన్నాడు. రైకాన్ తలుపు తీసింది. సాయంత్రం దాకా పంపకం. మాకు వచ్చినవాటిలో ఒకటి కుంటిది. మీ బావ దాన్నే ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. అయినా మనసారా సంతోషపడలేకపోయాం.

విందుకి గుడారం వేయించి రైకాన్ ఒక గొర్రెని కోసింది. తలకాయ పళ్లెంలో పెట్టి మామయ్య ముందు ఉంచింది. వద్దంటాడేమో అని అందరం బిగుసుకుపోయాం. ఆయన కత్తి తీసుకున్నాడు. కొయ్యకుండా మాట్లాడాడు. ఆయన మాటలు ఆయన అన్నట్టే రాస్తున్నాను.

"మీరందరూ మా ఇంటికి వచ్చారు. అది నాదే అన్నారు. ఒక్క బిడ్డకి ఇంతమంది తల్లులని ఎప్పుడూ చూడలేదు. మా ఆవిడకి నెల రోజులు రొట్టె కాల్చే పని తప్పించారు, అందుకు సంతోషం. కొందరు అది నా ఓటే అనుకుంటున్నారని కూడా విన్నాను. నేను ఆ తెర వెనక్కి వెళ్లాను. పెన్సిలు పట్టుకున్నాను. నా పేరు నేనే ఉంచుకుని పక్క మనిషి పేరు కొట్టెయ్యాలంటే సిగ్గేసింది. చెయ్యి రాలేదు. నా పేరే కొట్టేసి వచ్చాను. సాయంత్రం ఆ ఒక్కటి చదివినప్పుడే నాకు తెలిసిపోయింది. నాకే అంత సిగ్గుంటే, నాకన్నా చిన్నది, రైకాన్‌కి ఉండదా?"

రైకాన్ తలెత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

మెదేర్, అంటే ఆయనకి మొదటి రోజు నుంచీ తెలుసు. ఎసెన్ తాత వెన్న గిన్నె తెచ్చినప్పుడు తెలుసు. మీ బావ వెళ్లినప్పుడు తెలుసు. నేను నీ ఉత్తరం చదువుతుంటే, చాలమ్మా అన్నప్పుడు తెలుసు. ఊరంతా వచ్చి తన గదిలో కూర్చుని తన మొహం మీద అబద్ధమాడుతుంటే, కప్పు తర్వాత కప్పు పోస్తూ కూర్చున్నాడు. ఆ గుడారంలో నేల చీలితే అందులోకి దూరేదాన్ని.

"మా ఇంట్లో ఆ మాట అననివాళ్లు ఇద్దరే" అన్నాడు. "ఒకరు వేసినావిడ. ఇంకొకరు జూరా. ఆ సాయంత్రం తెర మడత పెడుతూనే నాతో చెప్పింది, నీకు వెయ్యలేదు, నువ్వు ఇంటి పట్టున ఉండాలని నాకు ఆశగా ఉంది అని. ఆ రోజు నుంచీ నేను తిన్న రొట్టెల్లో అబద్ధం లేనిది ఆవిడ రొట్టె ఒక్కటే."

అప్పుడు కోశాడు. కన్ను ఎవరికిస్తారో తెలుసుగా, ఎప్పుడూ కళ్లముందు ఉండాలనుకున్నవాళ్లకి. ఒక కన్ను అత్తయ్యకి ఇచ్చాడు. ఇంకోటి రైకాన్‌కి. తర్వాత మిగిలిన తలకాయ పళ్లెంతో సహా రైకాన్ ముందుకి జరిపాడు. ఆడమనిషి ముందు తలకాయ పెట్టడం మన ఊళ్లో ఎవరూ చూడలేదు.

జరిపే ముందు చెవులు రెండూ కోసి పక్కన పెట్టుకున్నాడు. "అనార్, ఇలా రా" అన్నాడు. నాకు నలభై దాటాయి, కోడలు వచ్చింది. మాట వినమని పసిపిల్లలకి ఇచ్చే చెవిని నా అరచేతిలో పెట్టాడు. ఊరంతా చూస్తోంది. ఆయన మొహంలో కోపం లేదు, అదే నాకు భరించరానిదైంది. అక్కడే నిలబడి తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. ఎసెన్ తాత ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు.

లారీ ఖాళీగా తాలాస్ వెళ్లిపోయింది. అత్తయ్య తెర ఉతికి తాడు మీద ఆరేసింది, గడ్డకట్టి చెక్కలా నిలబడింది.

రెండో చెవి నీదట. గుడ్డలో చుట్టి అటక మీద చలిలో పెట్టించాడు. "ఇది పంతులుది. ఎవరూ ముట్టుకోవద్దు. కనుమ మంచుతో మూసుకుపోయేలోగా వచ్చి తినమని రాయి" అన్నాడు. సరే అని లేచాను. గుమ్మం దాకా వచ్చాక వెనక్కి పిలిచాడు.

"జ్వరం తగ్గాకే రమ్మను" అన్నాడు.

నీ జ్వరం అబద్ధమన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదురా, ఒట్టు.

అనార్